పూతరేకులు మీవి, స్పామ్ వాళ్లది!

టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో అదే మెసేజ్. ఊరి గుడి ఉత్సవాల గ్రూప్‌లోనూ అదే. ‘ఆత్రేయపురం పూతరేకులు సగం ధరకే! వెంటనే లింక్ నొక్కండి.’ తీరా నొక్కితే సగం ధరా లేదు, పాడూ లేదు.

ఆ మెసేజ్ పెట్టింది షాపువాళ్లు కాకపోవచ్చు. కమీషన్ కోసం లింకులు పంచే అఫిలియేట్ పార్ట్‌నర్ అయ్యుండొచ్చు. కానీ తిట్లు మాత్రం షాపుకే!

1996లోనే అమెజాన్ కూడా వాడటం మొదలెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు కోనసీమలో ఫోన్ మీద స్వీట్లు అమ్మే కుర్రాళ్లకీ అందుబాటులోనే ఉంది. పార్ట్‌నర్‌కి ఒక కోడ్ ఇస్తారు, ఆ కోడ్‌తో ఆర్డర్ వస్తే ఇంత శాతం అంటారు. పెట్టుబడి లేని ప్రచారం కదా అని అడిగినవాళ్లందరికీ కోడ్ ఇచ్చేస్తే మాత్రం చిక్కే. స్పామ్ చేసేవాడి నంబర్‌ని వాట్సాప్ బ్లాక్ చేస్తే ఇంకో సిమ్ తీసుకుంటాడు. మీ షాపు ఇంకో పేరు తెచ్చుకోలేదుగా! పైగా ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. బోర్లించిన కుండ మీద, పొయ్యి సెగ భరిస్తూ రేకులు తీసే ఆడవాళ్లు సంపాదించిన పేరది.

దొంగని పట్టుకోవడం మరీ కష్టం కాదు. ఒక్కొక్కరికీ వేరే కోడ్, వేరే లింక్ ఇవ్వండి. ఒకరి లింక్‌కి క్లిక్కులు వందల్లో వచ్చి ఆర్డర్లు ఒకటో రెండో ఉంటే, అది ఎక్కడ పెడుతున్నారో స్క్రీన్‌షాట్ అడగండి. సమాధానం నసిగితే ఆ కోడ్ ఆపేయండి. చుట్టాలబ్బాయి అయినా సరే (అసలు ఇబ్బంది అక్కడే!). ‘అడగని గ్రూపుల్లో పెట్టకూడదు, లేని ఆఫర్ చెప్పకూడదు, తప్పితే కమీషన్ రాదు’ అని కోడ్ ఇచ్చేముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. డబ్బు కూడా ఆర్డర్ పడిన రోజే కాదు, డెలివరీ పూర్తయ్యాకే.

పెద్ద కంపెనీలకీ ఈ దెబ్బ తగిలింది. ఈబే టాప్ అఫిలియేట్ ఒకతను జనం కంప్యూటర్లలోకి వాళ్లకి తెలీకుండా ట్రాకింగ్ కుకీలు దూర్చి కమీషన్ కొట్టేశాడని అమెరికాలో 2010లో కేసు పడింది. 2014లో 5 నెలల జైలు శిక్ష కూడా పడింది.

మన దగ్గర ఎస్సెమ్మెస్, కాల్ స్పామ్ మీద 1909కి ఫిర్యాదు చేయొచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు దాని కిందకి రావు, అక్కడ యాప్‌లోనే రిపోర్ట్ కొట్టాలి. కమీషన్ తీసుకుంటూ ఆ సంగతి దాచి రీల్స్ చేయడం కూడా కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

ఇప్పటికే స్పామ్ వెళ్లిపోయిందా? అయితే ఆ గ్రూప్ అడ్మిన్‌కి మీరే మెసేజ్ పెట్టండి: ‘ఆ ఆఫర్ మాది కాదు, ఆ కోడ్ ఆపేశాం. మా అసలు ధర ఇదీ.’