కంప్యూటరులో గాదె: నిలువ స్థలమును కొలిచి పంచుకొను విధము

పుస్తకములు నానాటికి పెరుగును గాని, వానిని దాచిన పెట్టె తనంతట పెరుగదు. కన్నడ దేశమున ఉండి తెలుగు చదువుకొను మనకు ఇది బాగుగా తెలిసిన సంగతియే. కోరిన తెలుగు పుస్తకము బెంగళూరు అంగళ్లలో అన్నివేళల దొరకదు. అందుచేత హక్కుల కాలము తీరిన పాత గ్రంథములను కంప్యూటరులో భద్రపరచుకొనుట మన పాఠశాలలకు మిక్కిలి అవసరము. అట్టి నిలువ స్థలమును ఏర్పరచి, కావలసినపుడు పెంచుకొను పద్ధతి యొకటి లైనక్సు కంప్యూటర్లలో కలదు. దానిని లాజికల్ వాల్యూమ్ పద్ధతి యందురు. ఆ విధమును ఇచట వివరింతుము.

సామాన్యముగా డిస్కును మొదటనే రెండు మూడు గదులుగా విభజింతురు. వీనికి పార్టిషనులని పేరు. పుస్తకములకు ఒక గది, విద్యార్థుల పనులకు ఒక గది కేటాయించితిమనుకొందము. కొన్నాళ్లకు మొదటి గది నిండిపోవును. రెండవది సగము ఖాళీగానే యుండును. నడిమి గోడ మాత్రము సులభముగా కదలదు. కదల్పబూనినచో శ్రమ యధికము. పొరపడినచో లోపలి సరకే నశించును.

మన పల్లెలలో గాదె యెట్లుండునో పెద్దలెరుగుదురు. ఏ చేనిలో పండిన ధాన్యమైనను ఒకే గాదెలో పోసి, అక్కరను బట్టి కుంచముతో కొలిచి తీయుదురు. లాజికల్ వాల్యూమ్ పద్ధతి యిట్టిదే. డిస్కులన్నిటిని చేర్చి ఒక సమూహముగా చేయుదురు, ఇదియే గాదె. అందుండి కొలిచి యిచ్చిన వంతు లాజికల్ వాల్యూమ్; మనము దీనిని తార్కిక భాగమందము. ఇది కంటికి కనబడు పెట్టె కాదు, లెక్కలో మాత్రమే యున్న పెట్టె. కొలతకు వాడు కుంచమును ఎక్స్‌టెంట్ అందురు. మనము మార్చనిచో ఒక్కొక్క కుంచము 4 మెగాబైట్లు. కావున 100 గిగాబైట్ల భాగమునకు 25,600 కుంచములు పట్టును. ఇవి యన్నియు ఒకే డిస్కులో ఉండనక్కరలేదు. ఏ కుంచము ఎచట నున్నదో తెలుపు పట్టీని యంత్రమే డిస్కులపై వ్రాసి యుంచుకొనును.

ఇట్టి పద్ధతి పెద్ద కంపెనీల యంత్రములలో ముందే యుండెను. హెచ్‌పీ వారి యంత్రములలోని తీరును అనుసరించి, 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ అను జర్మనీ దేశీయుడు దీనిని లైనక్సునకు సమకూర్చెను. లైనక్సును ఎవరైనను వెల చెల్లింపకయే వాడుకొనవచ్చును గనుక, ఈ సౌకర్యము చిన్న పాఠశాలకును అందుబాటులో నున్నది.

బొమ్మలను నొక్కి ఈ పని చేయు సాధనములు కూడ కలవు. అయినను ఆజ్ఞలను వ్రాసి చేయుట మేలు. ఏ డిస్కును ముట్టుచున్నామో ప్రతి మాటయు కన్నులయెదుట నుండును. చేసినదానిని నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును. ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరములతో, యంత్రాధికారి అనుమతితో వ్రాయవలెను.

మొదట ఎల్‌ఎస్‌బీఎల్‌కే అను ఆజ్ఞతో యంత్రములోని డిస్కుల పేర్లను, పరిమాణములను చూడవలెను. పేరు నిశ్చయముగా తెలియనిదే ముందడుగు వేయరాదు. ఏలయన గాదెలో చేర్చిన డిస్కులోని పూర్వపు సరకు మరల దొరకదని యెంచవలెను. పిదప పీవీక్రియేట్ అను ఆజ్ఞ డిస్కును ఈ పద్ధతికి సిద్ధము చేయును. వీజీక్రియేట్ డిస్కులను కలిపి గాదెను కట్టును. ఎల్‌వీక్రియేట్ గాదె నుండి కోరినంత కొలిచి భాగమును తీయును. తుదకు ఎంకేఎఫ్ఎస్ అను ఆజ్ఞతో అందు ఫైళ్లు నిలుచు ఏర్పాటు చేసి, మౌంట్ అను ఆజ్ఞతో వాడుకలోనికి తేవలెను. గాదెకు, భాగములకు పెట్టు పేర్లు ఇంగ్లీషు అక్షరములలోనే యుండవలెను. లోపలి పుస్తకముల పేర్లను మాత్రము చక్కగా తెలుగు లిపిలో వ్రాసికొనవచ్చును.

గాదె కట్టునపుడు ఉన్న స్థలమంతయు ఒక్కమారే పంచివేయరాదు. కొంత మిగిల్చి, ఏ భాగము నిండవచ్చినదో దానికి పిమ్మట చేర్చుటయే ఈ పద్ధతి వలని లాభము. పెంచుటకు ఎల్‌వీఎక్స్‌టెండ్ అను ఆజ్ఞ కలదు. దానితో చిన్న ఆర్ అను గురుతు చేర్చినచో లోపలి ఏర్పాటు కూడ భాగముతోపాటు పెరుగును. సాధారణముగా వాడు ఈఎక్స్‌టీ4 ఏర్పాటులో, విద్యార్థులు చదువుచుండగనే ఈ పని చేయవచ్చును. గాదెయే నిండినచో క్రొత్త డిస్కును తెచ్చి వీజీఎక్స్‌టెండ్ తో కలుపవచ్చును. ముసలిదైన డిస్కులోని కుంచములను పీవీమూవ్ తో తక్కినవానికి తరలించి, వీజీరెడ్యూస్ తో దానిని తొలగింపవచ్చును. వీజీఎస్, ఎల్‌వీఎస్ అను ఆజ్ఞలు ఎంత మిగిలినదో తెలుపును.

పెంచుట సులభము, తగ్గించుట ప్రమాదకరము. ఈఎక్స్‌టీ4లో భాగమును వాడుక నుండి తప్పించి, మొదట లోపలి ఏర్పాటును కుదించి, తరువాతనే భాగమును కుదింపవలెను. ఈ వరుస తప్పినచో పుస్తకములు పాడగును.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఒకే భాగము రెండు డిస్కులపై పరచుకొనియున్నపుడు, వానిలో ఒకటి చెడినను భాగమంతయు చెడుట సంభవించును. గాదె స్థలమును పెంచును గాని, సరకునకు హామీ యీయదు. వేరొక చోట రెండవ ప్రతి ఉండియే తీరవలెను.

దీనికి మన నగరమే సాక్షి. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కించు మహాకార్యమునకు పూనుకొనిరి. బెంగళూరు ప్రజలు టాటా ఇన్‌స్టిట్యూటని పిలుచు భారతీయ విజ్ఞాన సంస్థ ఇందు పాల్గొని, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నడపెను. వేలకొలది తెలుగు గ్రంథములు అందు చేరెను. కాలాంతరమున ఆ ద్వారము మూతపడెను. అయినను అందలి పుస్తకములలో పెక్కింటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో చేరియుండుటచే నేటికిని మనకు దొరకుచున్నవి. వేరొక చోట ప్రతి యుండుట చేతనే అవి మిగిలినవి.

కావున విద్యార్థులు పనికిరాని పాత డిస్కుతో ఈ ఆజ్ఞలను ముందుగా అభ్యసింపవలెను. తలిదండ్రులు పాఠశాలకు డిస్కు కొని యీయదలచినచో ఒకటికి బదులు రెండు ఈయవలెను: ఒకటి గాదెకు, రెండవది వేరొక యింట దాచు ప్రతికి.