ట్రాక్టరు టైరు రాసుకుంటోందా? మడ్‌గార్డు కోసే ముందు ఇవి చూడండి

గత యాసంగి దుక్కుల సమయంలో ఒక రైతు తన ట్రాక్టరు తీసుకొచ్చి "సార్, కాలిన రబ్బరు వాసన వస్తోంది" అన్నాడు. పాత ట్రాక్టరు కొని, పట్టు బాగుంటుందని వెనక పెద్ద టైర్లు వేయించాడు. అవి రాసుకుంటుంటే మెకానిక్కు మడ్‌గార్డు అంచు కోసేశాడు. అయినా రాపిడి ఆగలేదు. కోసిన అంచు కత్తిలా మారి టైరు పక్క గోడను దారాలు కనిపించేదాకా కోసింది. చివరికి చూస్తే తప్పు మడ్‌గార్డుది కాదు, డిస్కు తిప్పి బిగించారు. రెండు గంటల్లో అయ్యే పనికి ఒక టైరు పోయింది.

ముందు ఎక్కడ రాసుకుంటోందో కనుక్కోండి

టైరు పక్క గోడకు, పై అంచులకు తడి సుద్ద పూసి, ఖాళీ జాగాలో నెమ్మదిగా నడపండి. సుద్ద చెరిగిన చోటే రాపిడి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసిన తర్వాతే దగ్గరికి వెళ్లి చూడాలి. సమంగా ఉన్న నేల మీద ఏమీ రాసుకోక, గట్టు ఎక్కినప్పుడో, పూర్తిగా మలుపు తిప్పినప్పుడో మాత్రమే ముందు టైరు తగలవచ్చు. ముందు యాక్సిల్ ఒక పక్కకు వాలడమే దీనికి కారణం. కాబట్టి ఆ స్థితిలో కూడా చూడాలి.

సాధారణ కారణాలు, పరిష్కారాలు

1. బురద: దమ్ము చేసిన తర్వాత మడ్‌గార్డు లోపల బురద గట్టిపడి టైరుకు తగులుతుంది. ముందు శుభ్రంగా కడగండి. చాలాసార్లు సమస్య ఇక్కడే తీరిపోతుంది.

2. గాలి: గాలి తక్కువై, ట్రాలీ బరువు పడితే టైరు పక్కలకు ఉబ్బుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పినంత గాలి రెండు వైపులా సమానంగా ఉంచాలి.

3. వదులు: జాకీతో చక్రం ఎత్తి, రెండు చేతులతో ఊపి చూడండి. ఆడితే బేరింగు గానీ, నట్లు గానీ వదులైనట్టే. మడ్‌గార్డు బ్రాకెట్టు వంగిందేమో కూడా చూడండి.

4. ట్రాక్: వెనక రెండు చక్రాల మధ్య దూరాన్ని ట్రాక్ అంటాం. అంతరకృషికి సాళ్ల మధ్య పట్టాలని దీన్ని తగ్గిస్తే టైరు లోపలికి జరిగి మడ్‌గార్డుకు తగులుతుంది. రిమ్ము, డిస్కు బిగించే తీరు మార్చి దీన్ని మళ్లీ పెంచుకోవచ్చు. డిస్కు తిప్పినప్పుడు కుడి చక్రం ఎడమకు, ఎడమది కుడికి మార్చాలి. లేకపోతే టైరు గట్లు తిరగబడి పొలంలో పట్టు పోతుంది. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే గట్ల కొన పైకి ఉండాలి.

5. పెద్ద టైరు: 12.4-28 బదులు 13.6-28 వేస్తే వెడల్పు 1.2 అంగుళాలు, అంటే సుమారు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఎత్తు కూడా పెరుగుతుంది. మీ మోడల్‌కు కంపెనీ అనుమతించిన సైజే వేయండి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు వెనక టైర్లు మాత్రమే పెద్దవి చేస్తే ముందు వెనక చక్రాల లెక్క తప్పి గేర్ల మీద భారం పడుతుంది.

6. ముందు చక్రం: ఫోర్ వీల్ డ్రైవ్‌లో పూర్తి మలుపులో మాత్రమే తగులుతుంటే, యాక్సిల్ మీద మలుపును ఆపే బోల్టు రెండు వైపులా సమానంగా సరిచేయించండి. మలుపు కొంచెం పెద్దదవుతుంది, కానీ టైరు మిగులుతుంది.

ఇవి చేయకండి

- మడ్‌గార్డు కోయకండి. తిరిగే టైరు నుంచి డ్రైవరును కాపాడేది అదే. దాని మీద మనిషిని అసలే కూర్చోబెట్టకండి.
- హబ్బుకు, డిస్కుకు మధ్య ఊరి వెల్డింగ్ షాపులో చేసిన బిళ్లలు పెట్టకండి. బోల్టుకు పట్టు తగ్గి చక్రం ఊడే ప్రమాదం ఉంది.
- వెనక చక్రం ఒక్కరే విప్పకండి. నీళ్లు నింపిన టైరు బరువు వందల కిలోలుంటుంది. మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో పాటు గట్టి చెక్క దిమ్మ కూడా ఆసరాగా పెట్టాలి.

పని అయిన తర్వాత

నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. మొదటి గంట పని తర్వాత ఒకసారి, ఆ రోజు సాయంత్రం మరోసారి తప్పక బిగించి చూడండి. మళ్లీ సుద్ద పూసి పరీక్షించండి. టైరు పక్క గోడలో దారాలు బయటపడి ఉంటే ఆ టైరుతో ట్రాలీ లాగకండి. బరువు మీద, రోడ్డు మీద అది పగిలితే ట్రాక్టరు అదుపు తప్పుతుంది.

సీజను మొదలయ్యాక ట్రాక్టరు ఆగితే అదును పోతుంది. అందుకే దుక్కులకు ముందే ఒక పూట కేటాయించి నాలుగు చక్రాలూ చూసుకోండి.