లండన్ - పారిస్: ఎంత దూరం? ఎంత సేపు?

ప్రయాణమనగానే ఎవరైనా రెండు ప్రశ్నలు వేస్తారు: ఎంత దూరం? ఎంత సేపు పడుతుంది? మొదటిదానికి జవాబు సులభం. రెండవదానికి మాత్రం ఎవరి లెక్క వారిదే. లండన్, పారిస్ నగరాల సంగతే చూడండి.

ఆకాశమార్గాన ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 344 కిలోమీటర్లు, అంటే 214 మైళ్ళు. నడుమ ఇంగ్లీషు ఛానలు అనే సముద్రపు పాయ ఉన్నది. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు 21 మైళ్ళే. కాని ఆ కాస్త నీటిని దాటడానికే శతాబ్దాల తరబడి జనం ఓడ ఎక్కవలసివచ్చింది.

1909 జూలై 25వ తేదీ ఉదయం లూయీ బ్లేరియో అనే ఫ్రెంచివాడు కలే రేవు దగ్గర తన చిన్న విమానంలో లేచి, సుమారు 37 నిమిషాలలో డోవర్‌లో దిగాడు. అతని దగ్గర దిక్సూచి అయినా లేదు! అంతకు ఆరు రోజుల ముందు ఇదే సాహసానికి పూనుకున్న లాథమ్ ఇంజను ఆగిపోయి సముద్రంలో దిగవలసివచ్చింది.

పదేళ్ళు గడిచాయి. 1919 ఆగస్టు 25న లండన్ - పారిస్‌ల మధ్య రోజువారీ విమాన సర్వీసు ప్రారంభమయింది. మొదటి విమానంలో ప్రయాణికుడు ఒక్కడే, ఒక పత్రికా విలేఖరి. అతనికి తోడు వార్తాపత్రికలు, తోలు, మీగడ, వేట పక్షులు! ప్రయాణానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది.

మరి నేటి జెట్ విమానమో? గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతే 26 నిమిషాలలో చేరిపోవాలి గదా! కాని టైము టేబులులో గంటా పదిహేను నిమిషాలని ఉంటుంది. విమానం నేలమీద మెల్లగా సాగి, తన వంతు వచ్చాకనే లేవాలి. పైకెక్కి పూర్తి వేగం అందుకునేసరికి దిగే వేళ అవుతుంది. దగ్గరి ప్రయాణాలలో వేగానికి అంతగా పని ఉండదు.

అంతటితో అయిపోలేదు. హీత్రో విమానాశ్రయం లండన్ నడిబొడ్డుకు సుమారు 23 కిలోమీటర్లు. చార్లెస్ డిగాల్ విమానాశ్రయం పారిస్‌కు సుమారు 25 కిలోమీటర్లు. రెండు గంటలు ముందుగా వెళ్ళాలి. సోదాలు, పాస్‌పోర్టులు, సామాన్లు ఉండనే ఉన్నాయి. అన్నీ కలిపితే నాలుగైదు గంటలు!

1994 మే 6న ఛానలు కింద సొరంగం ప్రారంభమయింది. పొడవు 50 కిలోమీటర్లు. అందులో 38 సముద్రం అడుగున. గంటకు 300 కిలోమీటర్ల వరకు పరుగెత్తే రైలు లండన్ నగరంలో ఎక్కిన మనిషిని సుమారు రెండుంబావు గంటలలో పారిస్ నగరంలోనే దించుతుంది. గంటా గంటన్నర ముందు స్టేషనుకు వెళ్ళినా, తరచు రైలువాడే ముందు ఇల్లు చేరతాడు.

ఇక గడియారం చేసే గారడీ ఒకటి. పారిస్ గడియారం లండన్‌కంటె ఒక గంట ముందుంటుంది. 1940లో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించి, తమ కాలమానాన్ని అక్కడ అమలుచేశారు. యుద్ధం ముగిసినా అది మారలేదు. కనుక లండన్‌లో తొమ్మిదింటికి బయలుదేరిన విమానం పారిస్‌లో పదకొండుంబావుకు దిగుతుంది. తిరుగు ప్రయాణంలో తొమ్మిదింటికి లేచినదో, తొమ్మిదుంబావుకే లండన్‌లో ఉంటుంది!

కాబట్టి టిక్కెట్టు మీద వేళలు చూసి మురిసిపోకండి. ఇంటి గుమ్మం దాటింది మొదలు, అవతలి గుమ్మం తొక్కేదాకా లెక్క వేసుకోండి. అదే అసలైన ప్రయాణకాలం.