బంతి లేని 86 నిమిషాలు



ఫుట్‌బాల్ ఆట గంటన్నరసేపు సాగుతుంది. జట్టుకు పదకొండుమంది చొప్పున మైదానంలో మొత్తం ఇరవైరెండుమంది ఆడతారు. ఉన్న బంతి మాత్రం ఒక్కటే. ఆ 90 నిమిషాలనూ ఇరవైరెండుమందికీ సమంగా పంచి చూడండి. ఒక్కొక్కరి వంతుకు సుమారు 4 నిమిషాలు వస్తుంది. బంతి గాలిలో ఎగురుతున్న సేపూ, గీత దాటి బయటికి పోయిన సేపూ తీసివేస్తే అంత కూడా మిగలదు.

మరి తక్కిన 86 నిమిషాలూ ఆటగాడు ఏం చేస్తాడు? తోటివాడికి దారి చేస్తాడు. ఎదుటివాడికి అడ్డు వెళతాడు. బంతి తనకు వస్తుందో రాదో తెలియకపోయినా, రాగల చోటికి పరుగెత్తి నిలబడతాడు. చూసేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ బంతిమీదనే ఉంటాయి గనక ఈ పని వారికి కనపడదు. మరునాడు పత్రికలో గోలు కొట్టినవాడి పేరు పడుతుంది. దారి చేసినవాడి పేరు పడదు.

ఆట మానుకున్న పెద్ద ఆటగాళ్ళను మనం ఎందుకు గౌరవించాలి? ఈ ప్రశ్నకు జవాబు కూడా ఆ 86 నిమిషాలలోనే ఉన్నది. అది తెలియాలంటే ముందు మన హైదరాబాదులోని ఒక ఉపాధ్యాయుని కథ తెలుసుకోవాలి.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లమా సంపాదించి, పాఠశాలలలో పిల్లలచేత ఆటలు ఆడించే బాధ్యత తీసుకున్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ ఏడు మొదలుకొని 1954 వరకు, వరసగా అయిదు సంవత్సరాలు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టే గెలుచుకున్నది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకులు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి నాలుగో స్థానం పొందింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా ఈయన కథే. మీలో కొందరు చూసే ఉంటారు.

రహీమ్‌గారు పిల్లలకు ఆట నేర్పిన పద్ధతి విచిత్రంగా ఉండేది. హైదరాబాదులో ఆయన కొన్ని ప్రత్యేకమైన పోటీలు పెట్టించేవారు. ఒక పోటీలో, ఎవరూ బంతిని తమ కాలి దగ్గర ఉంచుకుని ముందుకు తోసుకుపోకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. మరొక పోటీలో, అలవాటులేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. మొదట్లో ఇది పిల్లలకు కష్టంగానే ఉంటుంది. కాని కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ సమానంగా పనిచేస్తాయి. బంతి అందకముందే, దాన్ని ఎవరికి పంపాలా అని కళ్ళు వెతకటం నేర్చుకుంటాయి.

దీనిలో శాస్త్రం కూడా ఉన్నది. మీరే ప్రయోగం చేసి చూడవచ్చు. బడి మైదానంలో 20 మీటర్ల దూరాన రెండు గీతలు గీయండి. ఒక పిల్లవాణ్ణి మొదటి గీత నుంచి రెండో గీత వరకు బంతిని కాలితో తోసుకుంటూ పరుగెత్తమనండి. ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తరువాత అతన్నే మొదటి గీత దగ్గర నిలబడి, రెండో గీత దగ్గరున్న స్నేహితుడికి బంతిని నేలమీదుగా తన్నమనండి. ఈసారి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

బంతిని తోసుకుపోయే పిల్లవాడు సెకనుకు 5 మీటర్లు పోతాడనుకుందాం. 20 మీటర్లకు 4 సెకన్లు కావాలి. తన్నిన బంతి సెకనుకు సగటున 10 మీటర్లు పోయిందనుకుందాం. దానికి 2 సెకన్లు చాలు. నేల రాపిడివల్ల బంతి వేగం క్రమంగా తగ్గుతుంది. అయినా మనిషికంటె అదే ముందు చేరుతుంది. ఈ తేడా చిన్నది కాదు. ఎదుటి జట్టువాడు సెకనుకు 5 మీటర్లు పరుగెత్తగలిగితే, 4 సెకన్లలో 20 మీటర్లు వచ్చి అడ్డు నిలుస్తాడు. 2 సెకన్లలోనయితే 10 మీటర్లే రాగలడు. అంటే బంతిని పంచుకునే జట్టుకు సమయమూ చోటూ రెండూ మిగులుతాయి. పైగా ఒక్కడే అలసిపోడు. కలిసి ఆడటం మంచి గుణమే కాదు, లెక్క ప్రకారం కూడా లాభమే!

రహీమ్‌గారి శిష్యులలో తులసీదాస్ బలరాం ఒకడు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టాడు. రహీమ్‌గారు అతని ఆట చూసి, హైదరాబాదుకు వచ్చి సాధన చేయమన్నారు. కాని రోజూ రానూపోనూ కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. అప్పుడు సైకిలు అద్దెకు రహీమ్‌గారే డబ్బు ఇచ్చేవారట. అమ్ముగూడ నుంచి అట్లా సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఆ కుర్రవాడు 1956లో ఇరవై ఏళ్ళ వయసులో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళాడు. 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగరీమీద ఒక గోలు, పెరూమీద ఒక గోలు కొట్టాడు.

ఆ తరువాత వచ్చింది 1962 సంవత్సరం. ఇండొనీషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులను ఇండొనీషియా రానివ్వలేదు. అది తప్పని మన దేశానికి చెందిన క్రీడాధికారి గురుదత్ సోంధీ అన్నారు. దానితో అక్కడి ప్రజలకు మనవాళ్ళమీద కోపం వచ్చింది. మన జట్టు మైదానంలోకి దిగితే చాలు, చుట్టూ ఉన్న జనం గేలిచేసేవారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మన జట్టును 2–0 తేడాతో ఓడించింది. తరువాత మనవాళ్ళు థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను ఓడించారు. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను ఎప్పుడూ వెనక నిలబడి కాచే ఆటగాడు. కుట్లు మానకముందే అతన్ని రహీమ్‌గారు ముందు వరసలో ఆడించారు. గోలుకీపరు పీటర్ తంగరాజ్‌కు జ్వరం వచ్చింది. చివరి ఆట నాటికి అతను కోలుకుని లేచాడు. అంతవరకు ఆ చోట నిలబడి గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్ ఆనాడు బయట కూర్చోవలసివచ్చింది.

1962 సెప్టెంబరు 4న మళ్ళీ అదే కొరియాతో చివరి ఆట. లక్షమంది దాకా జనం. వారిలో ఎక్కువమంది కొరియా పక్షం. ఆ గోలలో మనవాళ్ళను ఉత్సాహపరిచినవాళ్ళు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళు! హాకీలో మన జట్టును ఓడించి వచ్చినవాళ్ళు, ఫుట్‌బాల్‌లో మనం గెలవాలని కేకలు వేశారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లున్న జర్నయిల్ సింగ్ ఒక గోలు కొట్టారు. కొరియావాళ్ళు ఒక్క గోలే కొట్టగలిగారు. మన జట్టు 2–1 తేడాతో గెలిచింది.

ఆట స్కోరు పట్టికలో ఇద్దరు గోలు కొట్టారని మాత్రమే ఉంటుంది. తోటివాడికి చోటు ఇచ్చి బయట కూర్చున్న బర్మన్ సంగతి ఉండదు. అప్పటికే రహీమ్‌గారికి క్యాన్సర్ జబ్బు ముదిరి ఉన్నదని ఉండదు. ఆయన 1963 జూన్ 11న చనిపోయారు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇంతవరకు బంగారు పతకం రాలేదు.

ఇక ఆట మానిన తరువాత ఈ ఆటగాళ్ళు ఏంచేశారో చూద్దాం. పి.కె. బెనర్జీ కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లకు శిక్షకుడయ్యాడు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రవాళ్ళను తీర్చిదిద్దాడు. ఆ తరువాతి తరంలో హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్, 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం తెచ్చిన మన జట్టుకు నాయకుడు. ఆయన కూడా శిక్షకుడై 1990లో ద్రోణాచార్య అవార్డు పొందాడు. రహీమ్‌గారు వీరికి చదువు చెప్పినట్టే వీరు మరికొందరికి చెప్పారు.

బలరాంగారి కథ వేరు. 1962లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బువల్ల ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ముప్పయి ఏళ్ళు కూడా నిండలేదు. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ బెంగాలులోనే ఉండిపోయారు. పిల్లలకు ఆట నేర్పారు. వారిలో కొందరు పెద్ద జట్లకు ఎదిగారు. తోటి ఆటగాళ్ళయిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. బలరాంగారికి రాలేదు. ఆయన 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. పెద్ద పోటీలలో ఆడింది ఏడెనిమిదేళ్ళు. ఆట మానిన తరువాత బతికింది అరవై ఏళ్ళు. ఆ అరవై ఏళ్ళలో ఆయన పుట్టిన ఊరి బడులలో ఎంతమంది పిల్లలకు ఆయన పేరు తెలిసింది? ఇది పెద్దవాళ్ళమంతా ఆలోచించుకోవలసిన విషయం.

ఆటలో నేర్చినదాన్ని ఆటకే తిరిగి ఇచ్చినవాళ్ళను చూశాం. ఊరికి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. స్వతంత్ర భారత జట్టుకు మొదటి ఒలింపిక్ నాయకుడు తాలిమెరెన్ ఆవ్ అటువంటివాడు. ఆయన 1918లో నాగా కొండలలోని చాంగ్‌కి గ్రామంలో పుట్టారు. చిన్నప్పుడు గుడ్డపీలికలు చుట్టిన బంతితో ఆడుకున్నారు. కొడుకు వైద్యుడై తన ప్రజలకు సేవచేయాలని తండ్రి కోరిక. ఆ తండ్రి టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు. ఆవ్ కలకత్తాలో వైద్యం చదువుకుంటూనే మోహన్ బగాన్ జట్టుకు ఆడారు.

1948లో లండను ఒలింపిక్ క్రీడల ప్రారంభంనాడు మన దేశపు జెండా పట్టుకుని ముందు నడిచింది ఆయనే. ఫ్రాన్సుతో ఆట జరిగింది. మన ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. 2–1 తేడాతో ఓడిపోయినా అందరి మెప్పూ పొందారు. లండనులోని ఆర్సెనల్ జట్టు ఒక ఏడాది తమతో ఆడమని ఆయనను పిలిచిందని చెబుతారు. ఆయన ఒప్పుకోలేదు. తిరిగి వచ్చి వైద్యవిద్య పూర్తిచేసి, కొహీమా ఆసుపత్రిలో చేరారు. 1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు అక్కడి ఆరోగ్యశాఖకు డైరెక్టరయి, 1978లో ఉద్యోగ విరమణ చేసేదాకా కొండ గ్రామాల ప్రజలకు వైద్యం అందేటట్టు పాటుపడ్డారు. ఈశాన్య రాష్ట్రాలలో ఆయన పేరిట ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇటువంటివారిని గౌరవించటం ఎట్లా? సాధారణంగా ఏదో ఒక సభ చేస్తారు. శాలువా కప్పుతారు, పూలదండ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. అది మంచిదే. కాని శాలువా పెట్టెలోకి పోతుంది, దండ సాయంత్రానికి వాడిపోతుంది. గోలుకు చప్పట్లు కొట్టటం ఎవరికైనా వచ్చు. తక్కిన 86 నిమిషాలలో ఆ మనిషి ఏంచేశాడో తెలుసుకుని చెప్పేది అసలైన గౌరవం.

ఆ పని మీరు చేయగలరు. మీ ఊళ్ళోనో, పక్క వీధిలోనో ఒకప్పుడు బడికో, రైల్వేకో, పోలీసులకో, కాలేజీకో ఆడిన పెద్దవారు తప్పక ఉంటారు. వారి మోకాళ్ళు ఇప్పుడు నొప్పి పెడుతూ ఉండవచ్చు. మీ మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్ళి నమస్కారం చేయండి. ఎన్ని గోలులు కొట్టారని మాత్రమే అడగకండి. మీకు ఆట నేర్పిందెవరండీ అని అడగండి. మీకు బంతి అందించిన తోటి ఆటగాళ్ళెవరండీ అని అడగండి. మీరు ఎవరికి నేర్పారండీ అని అడగండి. వారు చెప్పే పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీ వేసి, పుస్తకాన్ని మీ బడి గ్రంథాలయంలో పెట్టండి. వీలయితే ఒక సాయంకాలం ఆ పెద్దవారిని మీ మైదానానికి తీసుకువచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. బంతిని తోసుకుపోకుండా అందించుకుంటూ ఆడే రహీమ్‌గారి ఆట వారి ఎదుట ఆడి చూపండి.

తప్పులుంటే వారే చెబుతారు. చెప్పినప్పుడు శ్రద్ధగా వినండి. అప్పుడు బంతి వారి దగ్గరనుంచి మీకు అందినట్టే. దాన్ని మీ తరువాతి తరగతి పిల్లలకు అందించటం మీ వంతు.