పేరు ఒకటి, సంఖ్య వేరొకటి

మన బళ్లారి సీమవారికి ఒకే మనుష్యుని పేరు రెండు పట్టికలలో రెండు విధములుగా నుండుట క్రొత్త సంగతి కాదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమునకును చేరినవి. నాటినుండి బంధువులు రెండు రాష్ట్రములయందును, కాగితములు రెండు లిపులయందును ఉన్నవి. ఇంటిపేరు ఒక కాగితమున ముందుండును. వేరొకదానియందు పొడి అక్షరమై చివర నిలుచును. అయినను ఇద్దఱును ఒక్కడే యని గుర్తుపట్టగల పెద్దలు ఊరిలో నుందురు. కంప్యూటరునకు అట్టి పెద్దఱికము లేదు. మన బిడ్డలు పాఠములను, ప్రశ్నలకు జవాబులను కంప్యూటరునందు దాచుకొను నీ కాలమున ఈ సంగతి తల్లిదండ్రులు తెలిసికొనదగినది.

బాలుడు తన పేరును, పాస్‌వర్డును టైపు చేసి లోపల ప్రవేశించును. అంతట యంత్రము తన పట్టికను చూచి, ఆ పేరున కెదురుగా నున్న సంఖ్యను గ్రహించును. అటుపిమ్మట వ్యవహారమంతయు సంఖ్యతోడనే నడచును. యూనిక్స్, లినక్స్ పద్ధతులలో ఫైలు యజమాని యెవరో డిస్కుమీద వ్రాయబడునది సంఖ్యయే గాని పేరు కాదు. ఈ సంఖ్యలు రెండు విధములు. వాడుకరి సంఖ్య బాలుని రోలు నంబరు వంటిది. వర్గసంఖ్య అతని తరగతి వంటిది.

చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. లినక్స్ రకములలో పెక్కింట మొదటి వాడుకరికి 1000 అను సంఖ్య దొరకును. మాక్ యంత్రమున మొదటివానికి 501 దొరకును. మాక్‌లో 20వ వర్గము సామాన్య వాడుకరులది. డెబియన్ లినక్స్‌లో అదే 20 మోడెము వంటి సాధనములను వాడుటకు అనుమతి గల వర్గము. విండోస్ పద్ధతి వేఱు. అందు గుర్తు పొడవైన సంఖ్యల వరుస. దాని తొలిభాగము యంత్రమును గాని, యంత్రముల సముదాయమును గాని తెలుపును, కడపటి భాగము మనుష్యుని తెలుపును.

రైతుబిడ్డలకు దీనిని వివరించుట సులభము. 116వ సర్వే నంబరు అనేక గ్రామములలో నుండును. గ్రామము పేరుతో చెప్పినచో పొలము తెలియును. ఇది విండోస్ పద్ధతి. గ్రామము చెప్పక వట్టి నంబరు చెప్పినచో ఎవరి పొలమో తెలియదు. ఇది యూనిక్స్ పద్ధతి. ఒక్క గ్రామమున నున్నంతకాలము వట్టి నంబరు చాలును. రెండు గ్రామముల పట్టికలను ఒకచోట కలిపిననాడు తగవు తప్పదు.

కంప్యూటర్లలో అట్లు కలుపు సాధనములలో ఒకటి ఎన్.ఎఫ్.ఎస్. దీనిని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు రూపొందించిరి. దీని వలన ఒక సర్వరులోని ఫైళ్లను అనేక యంత్రములనుండి తెఱువవచ్చును. సామాన్యపు ఏర్పాటులో సర్వరు, ఎదుటి యంత్రము చెప్పిన సంఖ్యనే నమ్మును. ఒక యంత్రమున 1000 అను సంఖ్య ఒక బాలికది, వేరొకదానియందు అదే సంఖ్య ఒక బాలునిది అనుకొందము. ఆ బాలిక వ్రాసిన వ్యాసమును ఈ బాలుడు తెఱువగలడు, దిద్దగలడు, చెఱుపగలడు. ఇందు ఎవరి దొంగతనమును లేదు. అయినను నష్టము నిజమైనది. ఈ సాధనపు నాలుగవ రూపమున యజమాని పేరే పంపబడుచున్నను, సామాన్యపు ఏర్పాటులో అనుమతి మాత్రము సంఖ్యను బట్టియే నిర్ణయింపబడును. కావున పేరు సరిగా కనబడుచున్నదని నిశ్చింతగా నుండరాదు.

దీనికి నివారణ యేమి? చిన్న పాఠశాలకు ఒక నోటు పుస్తకము చాలును. బాలబాలికలకు 2000 మొదలుకొని, ఉపాధ్యాయులకు 3000 మొదలుకొని సంఖ్యలు కేటాయించి, అన్ని యంత్రములయందును అవియే ఉంచవలెను. సంఖ్య మార్చినంతమాత్రమున పాత ఫైళ్లన్నియు మారవు. లినక్స్ ఆజ్ఞ వాడుకరి సొంత ఫోల్డరులోని ఫైళ్లను మార్చును గాని, ఇతరస్థలములలోని వానిని వెదకి మార్చవలసినది మనమే. అందుచేత ముందుగా ఫైళ్లకు నకలు తీసి, వాడుకరి బయటకు వచ్చిన పిమ్మటనే ఆ పని చేయవలెను.

యంత్రములు ఎక్కువైనచో పట్టికను ఒక్క సర్వరునందే యుంచి, తక్కినవన్నియు దానినే అడుగునట్లు చేయుట మేలు. విండోస్, లినక్స్ కలిసి పనిచేయుచోట సాంబా అను సాఫ్ట్‌వేరు దుబాసి వలె నిలుచును. దీనిని 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ ప్రారంభించెను. ఇందును ఒక మెలకువ కలదు. ముందు వచ్చినవానికి ముందు సంఖ్య అను పద్ధతి నవలంబించినచో, ఒకే బాలునికి రెండు సర్వర్లలో రెండు సంఖ్యలు రావచ్చును. విండోస్ గుర్తులోని కడపటి భాగమునకు ఒక నిశ్చిత సంఖ్యను కూడు పద్ధతి నవలంబించినచో, ఎచ్చట లెక్కించినను ఒకే ఫలితము వచ్చును.

వేరొక నియమము అన్నిటికంటె ముఖ్యము. బడి విడిచిపోయిన విద్యార్థి సంఖ్యను క్రొత్తవానికి ఈయరాదు. ఇచ్చినచో పాతవాడు వదలిపోయిన ఫైళ్లన్నియు క్రొత్తవాని సొత్తగును.

తల్లిదండ్రులు ఈ ఆజ్ఞలు నేర్వనక్కఱలేదు. మీ బిడ్డ సంఖ్యల పట్టికను ఎవరు కాపాడుచున్నారో, బిడ్డ బడి విడిచిన పిమ్మట ఆ సంఖ్య యేమగునో ఉపాధ్యాయులను అడుగుడు. బిడ్డను చేర్చునాడు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు అక్షరములలో పేరు ఎట్లు వ్రాసితిరో, పిదప ప్రతి కాగితమునందును అట్లే వ్రాయుడు. పట్టిక యనునది పొలమునకు గట్టు వంటిది. గట్టు నిలిచినంతకాలము ఇరుగుపొరుగులు సఖ్యముగా నుందురు.