ఎలుక ముక్కు, ఎలుక నాలుక

మా యింటి బోనులో మొదటి రాత్రి కొబ్బరిముక్క పెట్టితిమి. ఎలుక దాపునకు రాలేదు. రెండవ రాత్రి పకోడీ పెట్టితిమి. అది వచ్చి, బోను చుట్టును తిరిగి, మూలనున్న బియ్యపు బస్తాకు కన్నము వేసి పోయినది. ఇట్టి అనుభవము శ్రోతలలో పెక్కుమందికి ఉండియే యుండును. ఒక ఎలుక మందు తిని చచ్చినచో ఆ కబురు తక్కినవానికి అందునని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో నిజమెంతయో శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. వారికి తెలిసినది మనమనుకొన్నదానికి కొంత భిన్నముగ నున్నది.

ముందు నాలుక సంగతి. తీపి యనిన ఇష్టము, చేదనిన అయిష్టము ఎలుకజాతికి పుట్టుకతో వచ్చినవి. అయినను అన్నిటి నాలుక ఒక్కటి కాదు. ప్రయోగశాలలలో పెంచు చిట్టెలుకలలో ‘బ్లాక్ 6’ అను నల్లని సంతతి సాకరిన్ కలిపిన నీటిని మక్కువతో త్రాగును. ‘129’ అను సంతతి దాని నంతగా లక్ష్యపెట్టదు. తీపిని పసిగట్టు అవయవనిర్మాణములో ఒక జన్యువు తేడాయే దీనికి ముఖ్యకారణమని 2001లో తేలినది. మనకు తియ్యగా నుండు ఆస్పర్టేమ్ చిట్టెలుకకు తీపిగా తోచనే తోచదు.

కాని నాలుక తీర్పు వచ్చుసరికి పదార్థము నోటిలో పడియే యుండును. ఎలుకకు గాని, చిట్టెలుకకు గాని వాంతి చేసికొను శక్తి లేదు, మ్రింగినది మ్రింగినదే. కావున పెద్ద ఎలుక క్రొత్త తిండిని మొదట రవంత కొరికి ఊరకుండును. ఆ తరువాత కొన్ని గంటలకు ఒడలు చెడినను, ఆ రుచినే తప్పుపట్టి మరల ముట్టదు. అమెరికాలో జాన్ గార్సియా 1955లో సాకరిన్ నీరు త్రాగుచున్న ఎలుకలపై వికిరణము ప్రసరింపజేయగా, అవి పిమ్మట ఆ తీపినీటిని రోయసాగెను. నీటిలో దోషమేమియు లేదు, పాపము!

ఇక ముక్కు. కెనడాలో హామిల్టన్ నగరమునందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములో బెన్నెట్ గేలెఫ్ చేసిన ప్రయోగములు మాకు మిక్కిలి ముచ్చట గొలిపినవి. 1983లో ఆయనయు, ఆయన సహచరులును ఒక ఎలుకకు దాల్చినచెక్క పొడి కలిపిన మేతను, మరియొకదానికి కోకో కలిపిన మేతను పెట్టిరి. తరువాత ఒక్కొక్కదానిని, ఆ మేతను ఎన్నడును చూడని యొక తోడి ఎలుకతో కొంతసేపు ఉంచిరి. పిదప ఆ తోడి ఎలుక ముందు రెండు మేతలను పెట్టగా, అది తన నేస్తము తిన్నదానినే ఎక్కువగ తిన్నది. అది నేర్చుకొన్నదంతయు నేస్తము మూతిని వాసన చూచియే.

మేత వాసన ఒక్కటే యిందుకు చాలదు. ఎలుక ఊపిరిలో కార్బన్ డైసల్ఫైడ్ అను పదార్థము లేశమాత్రముగ నుండునని 1988లో కనుగొనిరి. మేతవాసనతో ఈ ఊపిరివాసన కలిసినప్పుడే పాఠము పట్టుబడును. ఎలుకకు బదులు దూదియుండకు మేతపొడి పూసి, ఈ పదార్థముతో తడిపి పెట్టినను చాలును! చిట్టెలుకల ముక్కులో ఈ పదార్థమును పసిగట్టుటకు ప్రత్యేకకణములే కలవనియు, వాని పని చెడినచో తోడివాని నుండి ఈ పాఠము నేర్వలేవనియు 2010లో వెల్లడియైనది.

ఇప్పుడు పెద్దల మాటకు వత్తము. మేత తిని జబ్బుపడిన ఎలుక ప్రక్కన తోడి ఎలుకను ఉంచినప్పుడు ఏమైనది? అది ఆ మేతను విడువలేదు సరికదా, దానినే కోరినది! ‘ఇది తినబడినది’ అను వార్తయే ఊపిరి మోయును; ‘ఇది చెరుపు చేసినది’ అను వార్తను మోయదు. కనుక మందును మానునది కబురు విన్న ఎలుక కాదు, తాను కొరికి బ్రతికి బయటపడిన ఎలుక.

మన పొలములలో జింక్ ఫాస్ఫైడ్ వాడు రైతులు మొదట మందు కలుపని నూకలను పెట్టుట ఇందుకే. ఆ నూకలు తిన్న ఎలుక మూతివాసన కలుగులోని తక్కినవానికిని పరిచయమగును. బ్రోమాడయోలోన్ వంటి మందు కొన్ని దినములకు గాని పనిచేయదు. అంత ఆలస్యముగ వచ్చిన జబ్బును ఎలుక ఆ రుచికి ముడిపెట్టలేదు. పసిపిల్లలును, కుక్కలును తిరుగు ఇండ్లలో మాత్రము ఈ మందుల జోలికి పోక, బోనునే నమ్ముకొనుట మేలని మా అభిప్రాయము.

పకోడీకి లొంగని మా ఎలుక కొరకు బోను తలుపు పడకుండ త్రాటితో కట్టివేసి, మూడు రాత్రులు అది మరగిన బస్తాలోని బియ్యమునే అందులో పెట్టితిమి. మొదటి రాత్రి గింజ కదలలేదు. రెండవనాడు సగము, మూడవనాడు అంతయు చెల్లినవి. నాలుగవ రాత్రి త్రాడు విప్పితిమి.