మొదట కనబడేదే మంచిదా?

లాల్‌గడి మలక్‌పేటలో ఒక అక్కకు కుట్టుమిషను కొనాలని ఉంది. "మిషనుకు అప్పు ఎవరిస్తారు?" అని ఫోనులో గూగుల్‌ను అడిగింది. క్షణంలో జవాబులు వరుసగా వచ్చాయి. అన్నిటికన్నా పైనున్న దాన్ని నొక్కబోయింది. "ఆగమ్మా! దాని మీద 'స్పాన్సర్డ్' అని ఉంది. డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన అది" అన్నది కూతురు.

జవాబులు అంత తొందరగా ఎలా వచ్చాయి?

గూగుల్ వంటి వాటిని సెర్చ్ ఇంజన్లు అంటారు. వాటి కంప్యూటర్లు ఇంటర్నెట్‌లోని పేజీలను ముందే చదువుతాయి. ఒక పేజీలో ఉన్న లింకు పట్టుకొని ఇంకో పేజీకి పోతాయి. ఏ మాట ఏ పేజీలో ఉందో రాసి పెట్టుకుంటాయి. మనం అడగగానే ఆ చిట్టా తిరగేస్తాయి. చిట్టాకు ఎక్కనిది మనకు కనబడదు.

మరి ఏది పైన? ఏది కింద?

ఊళ్లో నలుగురు మెచ్చిన దర్జీ దగ్గరికే అందరూ పోతారు. గూగుల్ 1998లో అలాగే మొదలైంది. ఎక్కువ పేజీలు లింకు ఇచ్చిన పేజీని పైకి తెచ్చింది. ఇప్పుడు ఇంకా ఎన్నో లెక్కలు చూస్తుంది. ఆ లెక్కలు పెట్టేది కంపెనీయే.

కంపెనీ పక్షపాతం చూపదా?

వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ మన దేశంలో ఉంది. పెళ్లి సంబంధాలు చూపే భారత్ మాట్రిమోనీ వాళ్లు గూగుల్ మీద అక్కడ ఫిర్యాదు చేశారు. 2018లో కమిషన్ తీర్పు చెప్పింది. విమానాల వివరాలు అడిగిన వారికి గూగుల్ తన సొంత పెట్టెనే ముందు చూపిందని తేల్చింది. సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఆ అక్క వరుస అంతా కింది దాకా చదివింది. మరునాడు బ్యాంకుకు పోయి వడ్డీ ఎంతో అడిగింది. ఆ తరువాతే అప్పు సంగతి ఆలోచించింది.